చూడని గోడకు రేటు

మా బావ ఎడమచెయ్యి కొంతకాలంగా ప్యాంటు జేబులోంచి బయటికి రావడం మానేసింది. కొత్తవాళ్ళు అదేదో దర్జా అనుకుంటారు. జేబులోంచే గజ్జల్లో లేచిన బుడిపెను అదిమి పట్టుకుంటాడని మా అక్కకీ నాకూ తెలుసు. దగ్గొస్తే అదుముతాడు, మెట్లెక్కితే అదుముతాడు. ఎవరైనా నవ్విస్తే ముందు అదిమి, ఆ తర్వాత నవ్వుతాడు.

"హెర్నియా అండీ" అని డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. "పొట్టగోడ ఇక్కడ పలచబడింది. పేగు అందులోంచి బయటికి తోసుకొస్తోంది. ప్రస్తుతానికి పడుకుంటే లోపలికి పోతోంది. ఏదో ఒకరోజు పోదు, అక్కడే ఇరుక్కుంటుంది. అప్పుడిక ఆలోచించుకోవడానికి టైముండదు."

బావకి అందులో ఒక్క మాటే వినపడినట్టుంది. "గోడా?" అన్నాడు ముందుకు వంగి. "చెమ్మా, పగులా?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. "ఆయన రంగుల కాంట్రాక్టరండీ" అన్నాను.

ఇళ్ళకు రంగులేయించడం బావ పని. పనివాళ్ళు ఎగ్గొట్టిన రోజున తనే నిచ్చెనెక్కి బ్రష్షు పట్టుకుంటాడు. గోడ కళ్ళారా చూడకుండా రేటు చెప్పడు. కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోకుండా డబ్బా మూత తియ్యడు. ఇంకొక పట్టింపు కూడా ఉంది: ఇంట్లో ఎంతమందున్నా 'సరే' అనే మనిషి ఒక్కరే ఉండాలి. ఒకసారి ఇంటాయన ఫోన్లో సరేనన్నాడని వంటిల్లంతా ఆకుపచ్చ వేయించాడట. ప్రయాణం నుంచి తిరిగొచ్చిన ఇంటావిడ గుమ్మంలోనే సంచీ దింపి, "ఈ చిలకపంజరంలో నేను వండను" అందట. మళ్ళీ గీకించి తెల్లరంగు వేయించిన ఖర్చు బావ నెత్తిన పడింది. అప్పటినుంచి తన అంచనా కాగితాల్లో అడుగున ఒక గడి అచ్చు వేయిస్తున్నాడు: 'అదనపు పని వస్తే ఎవరిని అడగాలి?' అక్కడ ఒక్క పేరు కంటే ఎక్కువ రాస్తే ఆ పని ఒప్పుకోడు.

అలాంటి మనిషి ధర తెలియకుండా పొట్ట తెరిపించుకుంటాడా?

మొదటి ఆస్పత్రి కౌంటరులో అడిగితే, "ముందు చేరండి సార్, మిగతాది తర్వాత చూసుకుందాం" అన్నారు. బావ అటునుంచి అటే గేటు దాటేశాడు. రెండోచోట కాస్త నయం, "ఇంత నుంచి ఇంత దాకా అవ్వచ్చు" అని రెండంకెలు చెప్పారు. "ఆ రెండంకెల మధ్యలో లారీ తిప్పుకోవచ్చోయ్" అన్నాడు నాతో, మెట్లు దిగుతూ, అదుముకుంటూ.

అక్కకి మాత్రం మనసు మనసులో ఉండటం లేదు. "మీ బావ గట్టిగా తుమ్మార్రా" అని ఫోన్ చేసేది. తుమ్మాక ఏమైందో చెప్పేలోగా నా కాళ్ళు చెప్పులు వెతుక్కునేవి. కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి, మా ఆవిడ పోయాక ఒక్కణ్ణే ఉంటున్నవాణ్ణి. పక్క వీధిదాకా పరుగెత్తడానికి నాకెవరి అనుమతీ అక్కర్లేదు. తీరా వెళ్ళేసరికి బావ కుర్చీలో కూచుని పేపరు తిరగేస్తూ, "ఏమోయ్, తుమ్ము చూడ్డానికొచ్చావా? అయిపోయింది. ఇంకోటి వచ్చేదాకా కూచో" అనేవాడు.

కూచునేవాణ్ణి. కూచున్నా కుదురుండేది కాదు. బావ లేచినప్పుడల్లా నా చూపు ఆ జేబు మీదికే పోయేది. నవ్వుతుంటే భయం, నవ్వకపోతే ఇంకా భయం. అక్క వంటింట్లోంచి వచ్చి గుమ్మం పట్టుకుని ఒకసారి చూసి వెళ్ళిపోయేది. కాసేపటికి మళ్ళీ వచ్చేది.

అలా ఉండగా రేడియోలో ఆ వార్త చెప్పారు. అక్క చేతిలో సగం వలిచిన వెల్లుల్లితోనే మా ఇంటికి నడిచొచ్చేసింది. కొత్త చట్టం అమల్లోకి వచ్చిందట. ఇకనుంచి రోగిని చేర్చుకునే ముందే ఏ పనికి ఎంతో ఆస్పత్రి విడివిడిగా రాసివ్వాలి. అందులో ప్రతి ముక్కా పైకి చదివి వినిపించాలి. విన్న మనిషి దాన్ని తన మాటల్లో తిరిగి చెప్తేనే అర్థమైనట్టు లెక్క. రాసిన దానికి మించి బిల్లు వెయ్యాలంటే మళ్ళీ అడగాలి. అడగకుండా వేస్తే కట్టక్కర్లేదు.

"ఇది మీ బావ కోసమే రాసినట్టుంది కదరా" అంది అక్క. వెల్లుల్లికి పొట్టు అయిపోయినా ఇంకా వలుస్తూనే ఉంది. నేను మంచినీళ్ళు తెచ్చే వంకతో లోపలికి వెళ్ళాను.

డాక్టరమ్మ పనిచేసే ఆస్పత్రిలో మందుల కొట్టుకీ లిఫ్టుకీ మధ్య అద్దాల గది ఒకటి కొత్తగా కట్టారు. అందులో కూచునే అమ్మాయికి రోజంతా అంచనాలు పైకి చదవడమే ఉద్యోగం. మేం వెళ్ళేసరికే గొంతు బొంగురుపోయి ఉంది. పక్కన ఫ్లాస్కు, మూతలో వేడినీళ్ళు. పేషెంటు కుర్చీకి ఎదురుగా ఉన్న కాగితాన్ని కొంచెం పక్కకి జరిపి, అక్కకి కూడా కనిపించేలా పెట్టింది. ఆమెనెవరూ అలా పెట్టమనలేదు.

"సర్జన్ ఫీజు" అని మొదలుపెట్టింది. "ఆపరేషన్ థియేటరు. వెన్నులో మత్తు, అంటే నడుం కింద మొద్దుబారడానికి ఇచ్చే ఇంజెక్షన్. మెష్, చిన్నది. పలచబడిన చోట లోపల పెట్టి కుట్టే వల అండీ అది. గది. మందులు."

ఒక్కోదాని ఎదురుగా ఉన్న అంకె కూడా చదువుతోంది. బావ కళ్ళు మూసుకుని పాట వింటున్నట్టు తలాడిస్తున్నాడు.

"అవసరమైతే పెద్ద మెష్" అని చదివింది.

బావ కళ్ళు తెరిచాడు. ముందు అదిమి పట్టుకుని, తర్వాత నవ్వాడు. "తల్లీ, ఈ 'అవసరమైతే' ఉంది చూశావూ, దీన్ని నేను ఏళ్ళ తరబడి రాస్తున్నాను. 'అవసరమైతే ఇంకో చుట్టు పుట్టీ.' ఎప్పుడూ అవసరమే అవుతుంది. దీన్ని మేం గాలి కోటు అంటాం. రంగుండదు, డబ్బుంటుంది. కొట్టెయ్."

"కొట్టెయ్యమనడం మీ హక్కండీ" అంది అమ్మాయి. "కానీ లోపల నిజంగానే కావాల్సొస్తే, పని ఆపి మళ్ళీ అడగాల్సొస్తుంది."

"అడగండి. నేనెక్కడికి పోతాను? మీ బల్ల మీదే ఉంటాగా."

అమ్మాయి గీత కొట్టింది. "నిద్రమత్తు ఇంజెక్షన్, కావాలంటేనే. లోపల జరిగేదేదీ తెలియకుండా నిద్రపడుతుంది."

"తెలియకుండానా?" బావ నా వైపు తిరిగాడు. "విన్నావుటోయ్? గోడ పగలగొడుతుంటే ఇంటివాడు నిద్రపోవాలట. అదీ కొట్టెయ్ తల్లీ."

"ఏవండీ, కాసేపు నిద్రపోతే మీ సొమ్మేం పోయింది?" అంది అక్క.

"అదే చెప్తున్నా. పోయేది సొమ్మే."

తర్వాత తిరిగి చెప్పాల్సిన వంతు బావది. అమ్మాయి చదివిన దానికంటే వేగంగా, ఒక్క అంకె తడబడకుండా అప్పజెప్పేశాడు. అంతా అయ్యాక కాగితం చివర ఒక గడి ఉంది: 'ఖర్చు పెరిగే పరిస్థితి వస్తే ఎవరి అనుమతి తీసుకోవాలి?'

అది చూడగానే బావ ముఖం విప్పారింది. "చూడు, చూడు. నా కాగితం వీళ్ళకెవరు చూపించారు?"

అక్క అప్పటికే సంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. పెన్ను తన వైపు వస్తుందని చెయ్యి కూడా కొంచెం ముందుకు జరిపింది. బావ పెన్ను తీసుకుని గడిలో తన పేరే రాసుకున్నాడు.

"పేషెంటు మీరే కదండీ" అంది అమ్మాయి మెల్లిగా. "మామూలుగా బయట కూచునేవాళ్ళ పేరు రాస్తారు."

"నిద్రమత్తు వద్దన్నానుగా. మెలకువగానే ఉంటాను. నా గోడ, నా డబ్బు, 'సరే' అనేది కూడా నేనే. ఆవిణ్ణి అడిగితే కంగారులో దేనికైనా తలూపుతుంది."

ఆ అమ్మాయి వేడినీళ్ళు ఒక గుక్క తాగి, అక్క ముఖం చూసి, స్టాంపు కొట్టింది. అక్క కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టి మూసింది. ఆ పెట్టె మూత 'టక్' మన్న చప్పుడు నాకింకా గుర్తుంది.

బస్సులో బావకి సంతోషం పట్టలేదు. "ఎంత శుభ్రంగా ఉందోయ్ కాగితం! ఇలా చెప్పాలి, ఇలా" అని అక్కడక్కడా అంకెలు మళ్ళీ చదివాడు. తను కొనాలనుకున్న ఇనుప పరంజాకి దాచిన డబ్బు దీనికి సరిపోతుందట. పరంజా తర్వాత చూసుకోవచ్చు. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. దిగాక బావ నాలుగడుగులు ముందు నడుస్తుంటే, వెనక నాతో అంది:

"నా పేరు రాస్తే నేనేమన్నా చిలకపంజరం వేయిస్తానట్రా?"

ఆపరేషన్‌కి ఒప్పుకున్నాడు, అంతవరకు చాలనుకోవాలి. కానీ ఆ కొట్టేసిన గీతలు రెండూ నా కళ్ళముందే ఆడుతున్నాయి. ఆపరేషన్ రోజుదాకా ఏ పుస్తకం పట్టుకున్నా అదే పేజీ మళ్ళీ మళ్ళీ చదివాను.

ఆస్పత్రి గౌనుకి జేబుల్లేవు. ఆ ఉదయం బావ దాన్ని తొడుక్కుని బయటికొచ్చి, ఎడమచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు గాల్లో ఆడించాడు. అక్క వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. థియేటరు తలుపుదాకా అలాగే నడిచారు. తలుపు దగ్గర బావ, "వెళ్ళి ఏదైనా తినండి. రేటు కుదిరిన పనికి కంగారెందుకు?" అన్నాడు. తలుపు మూసుకుంది.

ఎదురుచూసే హాల్లో నేను కూచున్న కుర్చీకి ఒక కాలు కురచ. కదిలినప్పుడల్లా కటకటమంటోంది. నేనేమో కదలకుండా ఉండలేను. సెక్యూరిటీ అతను కాసేపు చూసి, తన స్టూలు తెచ్చి నా పక్కన పెట్టి, "ఇది ఊగదు సార్" అని వెళ్ళి నిలబడ్డాడు. దానిమీద కూడా కుదురుగా ఉండలేకపోయాను. లేచి గోడకున్న చట్టం పోస్టరు చదివాను. మంటలొస్తే ఏం చెయ్యాలో చదివాను. నీళ్ళ యంత్రం మీది కంపెనీవాళ్ళ చిరునామా కూడా చదివాను.

ఈ చట్టం లేని రోజుల్లో మా ఆవిడతో వేరే ఆస్పత్రిలో చాలాకాలం ఉన్నాను. సాయంత్రమయ్యేసరికి కౌంటరునుంచి కబురొచ్చేది, ఇంకొంత కట్టండని. దేనికని అడిగితే అన్నీ కలిపి చివర్లో ఇస్తామనేవారు. తను మాత్రం మంచం మీదనుంచి రోజూ అడిగేది, "ఎంతవుతోందండీ?" అని. నాకు నిజంగానే తెలియదు. తెలియదంటే దాస్తున్నాననుకునేది. చివరికి నర్సు కొత్త సెలైన్ తెచ్చినప్పుడల్లా, "అమ్మా, ఇది తప్పదా?" అని చెయ్యి వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టింది. ఆ నర్సుల్లో ఒకామె, నాకంటే పెద్దావిడ, ఒకరోజు వంగి మా ఆవిడ చెవిలో చెప్పింది, "ఇది లెక్కలోకి రాదమ్మా, నేను వేరేగా తెచ్చాను" అని. అప్పటినుంచి ఏం తెచ్చినా అదే మాట చెప్పేది. మందు, దుప్పటి, దూది, ఏదీ లెక్కలోకి రాదు. మా ఆవిడ చెయ్యి చాచేది. అది అబద్ధమని నాకు తెలుసు. ఆ నర్సమ్మ ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

"ఒరేయ్" అంది అక్క.

అంచనాల అమ్మాయి కాగితం పట్టుకుని వడివడిగా వస్తోంది. మమ్మల్ని చూసి నడక తగ్గించింది. ఆగబోయి, చేతిలో కాగితం చూసుకుని, మమ్మల్ని దాటి థియేటరు వైపు మళ్ళింది. అక్క లేచి అడ్డం నిలబడింది.

"ఏమైంది తల్లీ?"

"కంగారేం లేదమ్మా. ఆయన్నొక మాట అడగాలి."

"ఆయన్నా? పొట్ట కోసి పడుకోబెట్టి, అడిగేది ఆయన్నా?"

"ఫారంలో ఆయన పేరే ఉందమ్మా." అమ్మాయి గొంతు దాదాపు లేదు. "తెరిచి చూస్తే, పాతదాని పక్కన ఇంకోచోట కూడా పలచబడి ఉందట. చిన్న మెష్ రెండిటికీ అందదు, పెద్దది వెయ్యాలంటున్నారు డాక్టరుగారు. ఆ పెద్దది కొట్టేశారు కదా."

"ఆయన వద్దంటే?"

"చిన్నదాంతోనే మూసేస్తారు. ఇప్పటికైతే ప్రాణభయం లేదు. కానీ ఆ పక్కది కూడా ఇలాగే తోసుకొస్తే మళ్ళీ తెరవాల్సొస్తుందన్నారు."

"డబ్బు నేను కడతాను" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎప్పుడు దూకిందో నాకే తెలియదు. "ఎంతైనా సరే. పెద్దది వెయ్యమనండి."

"మీరు కడతానన్నా కుదరదు సార్. ఆ గడిలో ఉన్న మనిషే అనాలి." ఆ మాటకి తనే నొచ్చుకున్నట్టు అక్క భుజం మీద ఒకసారి చెయ్యేసి, లోపలికి వెళ్ళిపోయింది. అద్దంలోంచి చూశాను, ఆకుపచ్చ గౌను కంగారులో వెనకముందు తొడుక్కుంటోంది. ఒక నర్సు ఆపి, తిప్పి, తాళ్ళు కట్టింది.

తలుపు మళ్ళీ మూసుకుంది.

"వద్దంటారు" అంది అక్క. "నాకు తెలుసు. గాలి కోటు అంటారు. 'కోసిన తర్వాత రేటు పెంచుతారని ముందే అనుకున్నాను' అంటారు. పొట్ట తెరుచుకుని పడుకుని కూడా బేరమాడతారు." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ కోపం వచ్చింది. "ఇన్నేళ్ళు కాపురం చేశాను. ఆ ముక్కు ఎటు తిరిగితే ఏం కావాలో నాకు తెలుసు. ఒక్క గడిలో నా పేరు రాయడానికి చెయ్యి రాలేదు చూడు!"

"అక్కా, కూచో."

"నువ్వు కూచో ముందు! ఆ పోస్టరు చిరిగేదాకా చదివేస్తున్నావు."

కూచున్నాను. లేచాను. లోపల ఇప్పుడు ఏం జరుగుతోందో ఊహించకూడదనుకుంటూనే ఊహించాను. డాక్టరమ్మ చేతులు పైకెత్తి ఆగి ఉంటుంది. తెరకు ఇటువైపు బావ తల ఒక్కటే ఉంటుంది. ఆ అమ్మాయి వంగి, లేని గొంతుతో అంకె చదువుతుంటుంది. బావ కళ్ళు మూసుకుని వింటుంటాడు. ఆ తర్వాత నవ్వు వస్తే? అదుముకోవడానికి చెయ్యి అక్కడికి పోకూడదే.

తలుపు తెరుచుకుంది. అమ్మాయి మాస్కు కిందికి లాగి నేరుగా అక్క దగ్గరికి వచ్చింది.

"అమ్మా, మిమ్మల్ని అడగమన్నారు."

అక్కకి అర్థం కాలేదు. "ఏమని?"

"ఆయన మాటల్లోనే రాసుకొచ్చానమ్మా, అలా రాయాలని రూలు." కాగితం ఎత్తి చదివింది. "'మధ్యలో తెర కట్టేశారు, నాకు గోడ కనపడ్డం లేదు. చూడని గోడకు నేను రేటు ఒప్పుకోను. బయట మా ఆవిడుంటుంది. ఆవిడ ఏదంటే అదే. ఆ గడిలో నా పేరు కొట్టేసి ఆవిడ పేరు రాయండి.' డాక్టరుగారూ నర్సూ సాక్షి సంతకాలు పెట్టారు."

అక్క నా వైపు చూసింది. ఆ చూపులో ఏముందో చెప్పలేను. పెళ్ళినాడు తెర తీసినప్పుడు కూడా మా అక్క అంత బెరుగ్గా చూడలేదు.

"నేను చదువుతానమ్మా, మీరు విని తిరిగి చెప్పాలి" అంది అమ్మాయి. చదవబోయింది. గాలి తప్ప మాట రాలేదు. సెక్యూరిటీ అతను నీళ్ళ యంత్రంలోంచి గ్లాసు నింపి తెచ్చి చేతిలో పెట్టాడు. రెండు గుక్కలు తాగి మళ్ళీ చదివింది. పెద్ద మెష్ ఎంత, చిన్నదానికి రాసిన మొత్తం పోగా పెరిగేదెంత, దానివల్ల ఇంకేమీ పెరగదు.

అక్క కళ్ళజోడు పెట్టుకుంది. చీర కొంగు సర్దుకుని, పరీక్షలో నిలబడ్డట్టు నిలబడింది.

"పాత చిరుగు పక్కనే ఇంకో చోట బట్ట నలిగిపోయి ఉంది" అంది. "చిన్న ముక్క వేస్తే ఈ చిరుగు వరకే అందుతుంది. పక్కది రేపో మాపో చిరుగుతుంది. పెద్ద ముక్క వేస్తే రెండూ కప్పుకుంటాయి. చిన్నదాని డబ్బు తీసేసి పెద్దదాని డబ్బు వేస్తారు." ఆ అంకె కూడా చెప్పింది. "మళ్ళీ విప్పే పని లేకుండా వెయ్యమనండి. పెద్దదే."

పేరు రాసింది. గడి చిన్నది, అక్షరాలు గడి దాటి బయటికొచ్చాయి. అమ్మాయి పరుగెత్తబోతుంటే అక్క వెనక్కి పిలిచింది. "ఇది ఇచ్చేసి వచ్చి, కాసేపు ఎవరికీ ఏమీ చదవకు తల్లీ. గొంతు పోతుంది."

తర్వాత ఎంతసేపు పట్టిందో నేను గడియారం చూడలేదు. అక్క మాత్రం కదలకుండా కూచుంది. నేనే తిరిగాను. చివరికి డాక్టరమ్మ బయటికొచ్చి, టోపీ తీసి, "బాగా అయిందమ్మా. రెండూ మూసుకున్నాయి. రేపటినుంచి మెల్లిగా నడవచ్చు. నిచ్చెన మాత్రం నేను చెప్పేదాకా ఎక్కకూడదు" అంది. వెళ్ళబోతూ ఆగి నవ్వింది. "అన్నిటికీ రేటు అడిగారు లోపల. ఆ లైటుకెంత, ఈ కత్తెరకెంత అని. మధ్యలో చలికి వణుకు వచ్చింది. వెచ్చటి దుప్పటి కప్పబోతే, 'ఇది అంచనాలో లేదు, వద్దు' అన్నారు. మా నర్సు, 'ఇది లెక్కలోకి రాదండీ, పడుకోండి' అని చెప్తే అప్పుడు కప్పుకున్నారు."

నేను పక్కకి తిరిగి ఆ పోస్టరు మళ్ళీ చదివాను. అడక్కుండా వేసిన దేనికీ డబ్బు కట్టక్కర్లేదని అందులో పెద్దక్షరాల్లో ఉంది. 'లెక్కలోకి రాదు' అన్న నర్సు మాట ఇప్పుడు నిజమే.

గదిలోకి వెళ్ళేసరికి బావ వెల్లకిలా పడుకుని సీలింగు చూస్తున్నాడు. "ఆ మూల చూశావా? పుట్టీ ఆరకముందే రంగు కొట్టేశారు" అన్నాడు నాతో. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అక్క తడిగుడ్డ అద్దింది.

"కాళ్ళు తెలుస్తున్నాయా?" అని అడిగింది.

"ఒకటి వచ్చింది. రెండోది దార్లో ఉంది." తల కొంచెం తిప్పాడు. "ఏమన్నావు?"

"దేనికి?"

"దేనికేంటే? పెద్దదా, చిన్నదా?"

"పెద్దది."

బావ గట్టిగా గాలి వదిలాడు. "అదే అనుకున్నాలే" అన్నాడు. ఆ ముఖంలో నెల్లాళ్ళుగా బిగిసి ఉన్నదేదో వదులైనట్టు కనిపించింది. మళ్ళీ వెంటనే బిగిసింది. "ఎంత చెప్పారు?"

అక్క తడిగుడ్డ మడిచి గిన్నెలో వేసింది. గిన్నె బల్లమీద పెట్టింది. నీళ్ళ సీసా మూత సరిగ్గా ఉందో లేదో చూసింది.

"నిన్నే. ఎంత?"

"మీకెందుకండీ? నన్నడగమన్నారుగా."

"అడగమన్నాను. దాచమన్నానా? చట్టం ఉందే ఇప్పుడు. చెప్పి తీరాలి."

"చట్టం ఆస్పత్రికి. పెళ్ళానిక్కాదు. బిల్లొచ్చినప్పుడు చూసుకోండి."

"ఏమోయ్ బావమరిదీ, నువ్వు పక్కనే ఉన్నావుగా. నువ్వు చెప్పు."

"నా పేరు గడిలో లేదు బావా" అన్నాను.

బావకి నవ్వు వచ్చింది. నవ్వు పొట్టదాకా దిగేలోగా ఎడమచెయ్యి అలవాటుగా జేబు కోసం వెతికింది. దుప్పటి తప్ప ఏమీ దొరకలేదు. నర్సు ఇచ్చి వెళ్ళిన చిన్న దిండు అక్క చేతిలో సిద్ధంగా ఉంది. దాన్ని కట్టు మీద పెట్టి, రెండు చేతులతో మెత్తగా అదిమి పట్టుకుంది.

"ఊఁ, ఇప్పుడు నవ్వండి" అంది.